వీథి భాగవతుల విద్యయు జీవికయు

“ఈ విద్య నేర్చినచో పిల్లవానికి కడుపు నిండునా?” అను ప్రశ్న మన సంఘములలో నాట్యమునకో నాటకమునకో బిడ్డలను చేర్పించు తల్లిదండ్రుల నోట తరచుగా వినుచుందుము. ప్రశ్నలో తప్పేమియు లేదు. పరాయి గడ్డకు వలస వచ్చి, అంగడియో, మగ్గమో, గుమాస్తాగిరియో చేసి నిలద్రొక్కుకొన్న కుటుంబములకు అన్నము విలువ తెలియును. అయితే ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. నాలుగైదు శతాబ్దులుగా తెలుగు నాట కొన్ని కుటుంబములవారు దీనికి మాటలతో గాక తమ బ్రతుకులతో సమాధానము చెప్పుచు వచ్చినారు. వారు శాస్త్రము చదివి, గానము నేర్చి, కాలికి గజ్జె కట్టి, చివరకు రంగశాలకు గాక వీథికి పోయినారు. ఆ పోకడ చరిత్రను కొంత తెలిసికొనిన పిదప మన ప్రశ్నకు మనమే బదులు చెప్పుకొనవచ్చును.

మొదట ‘వీథి’ అను మాటను గూర్చి ఒక సంగతి. నేడు వీథిలో ఆడుట యనిన తక్కువతనముగా తోచును. పూర్వులకు అట్లు తోచలేదు. సంస్కృతాలంకారికులు చెప్పిన దశరూపకములలో ‘వీథి’ యనునది ఒక రూపకము. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము ఓరుగల్లు వీథులలో నడచు కథయే గాక, తాను వీథి యను రూపకమనియే చెప్పుకొన్నది. అంతకు ముందే, 13వ శతాబ్దిలో, పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికుల యెదుట జరిగిన బహురూప నాటకములను పేర్కొన్నాడు. యాత్రికులున్నచోటికే నాటకము పోయినది. రథము వెళ్లు వీథియే మన పూర్వుల నాటకశాల. దేవుడు కదలి వచ్చు త్రోవలో నటుడు నిలుచుట గౌరవమే గాని లాఘవము కాదు.

వీథి భాగవతుల పేరు చరిత్ర పత్రములలో గట్టిగా వినవచ్చునది మాచుపల్లి కైఫియతులో. 19వ శతాబ్ది తొలినాళ్లలో కర్నల్ కాలిన్ మెకంజీ గ్రామ గ్రామమున వ్రాయించిన స్థానిక చరిత్రలలో ఇది యొకటి. 16వ శతాబ్ది ఆరంభమున సిద్ధవటము సీమను ఏలుచున్న సమ్మెట గురవరాజు ధనము కొరకు ప్రజలను, అందులో ఆడువారిని సైతము, చిత్రవధ పెట్టుచుండెనట. ఆ త్రోవన పోవుచున్న కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును కన్నులార చూచి, విద్యానగరము చేరి, వీరనరసింహరాయల సమ్ముఖమున కేళిక పట్టిరి. ఒకడు గురవరాజు వేషమును, ఒకడు బంటు వేషమును, ఒకడు బాధితురాలి వేషమును ధరించి, తాము చూచినదానిని చూచినట్లే ఆడిరి. రాయలు విషయమును విచారించి, సైన్యమును పంపి, గురవరాజును శిక్షించెనని కైఫియతు చెప్పుచున్నది. ఒక అర్జీ వ్రాయుటకు బదులు ఒక నాటకమాడి న్యాయమును సంపాదించిన ఉదంతమిది. నేడు వీథి నాటకమునకు చెప్పు లక్షణములలో మొదటిది, అనగా కన్న అన్యాయమును జనులయెదుట నిలుపుట, ఆనాడే సంపూర్ణముగా కానవచ్చుచున్నది. అంతటి ధైర్యము వట్టి చేతులతో వచ్చునది కాదు. రాజు సభలో నోరు తడబడక, తాళము తప్పక, నవ్వవలసినచోట నవ్వించి, కంట తడి పెట్టించవలసినచోట పెట్టింపగల విద్య వారి వెనుక నుండెను.

ఆ విద్య ఎట్టిది? కూచిపూడి నేటి కృష్ణా జిల్లాలో, మొవ్వకు చేరువ నున్న పల్లె. సిద్ధేంద్రయోగి పారిజాతాపహరణ కథను భామాకలాపముగా తీర్చి అచ్చటి బ్రాహ్మణ బాలురకు నేర్పెననియు, ప్రతి కుటుంబమున పుట్టిన మగబిడ్డ జీవితములో ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని మాట తీసికొనెననియు సంప్రదాయము. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా (1672–1687) వారి ఆటకు మెచ్చి ఆ గ్రామమును అగ్రహారముగా నిచ్చెననుటయు అట్టి సంప్రదాయమే. వేదాంతము, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి, ఏలేశ్వరపు మున్నగు ఇంటిపేర్లవారు తరతరములుగా ఈ విద్యను నిలుపుకొనిరి.

బాలుడు ఐదారేండ్లవాడు కాగానే గురువు చేతిక్రింద చేరును. తెల్లవారుజామున అడవులు, కాలు నేలను తాకిన తీరు గురువునకు నచ్చువరకు ఒకే అడుగు. పిదప జతులు, తీర్మానములు. పగలు అక్షరాభ్యాసము, అమరకోశము, సంస్కృత శ్లోకములు, తెలుగు పద్యములు. సాయంకాలము పాట. ఇతర నాట్య సంప్రదాయములలో నర్తకుని వెనుక వేరొకరు పాడుదురు. భాగవతుడు తానే పాడవలెను, తానే మాటాడవలెను, తానే ఆడవలెను. ఆహార్యము సైతము స్వయముగా నేర్చుకొనవలసినదే. ముఖమునకు అరదళము పూయుట, సవరము కట్టుట, జడను అల్లుట తండ్రి కొడుకునకు చూపిన పనులే. ఇవన్నియు కొంత పట్టుబడిన తరువాత బాలునకు మేళములో చిన్న వేషము దొరకును. అనగా విద్య ముగిసిన పిదప వృత్తి మొదలగుట కాదు. వృత్తిలోనే విద్య సాగును. ఈ మాటను మనము కొంచెము గట్టిగా గుర్తుంచుకొనవలెను. నేటి కళాశాలలో మూడేండ్లు చదివి, పట్టాతో బయటికి వచ్చి, అటుపిమ్మట ఆటస్థలమును వెదకుకొను బాలునకు లేని సదుపాయము ఆనాటి పల్లెటూరి బాలునకు ఉండెను.

పంటలు ఇంటికి వచ్చిన తరువాత మేళము బయలుదేరును. ఊరి పెద్దను చూచి, అనుమతి పొంది, గుడి ముంగిటనో నాలుగు వీథుల కూడలిలోనో పందిరి వేసికొందురు. చీకటి పడినంతనే మద్దెల మ్రోగును, అదియే చాటింపు. ఇరువైపుల దివిటీలు. ముఖ్యపాత్ర ప్రవేశించునపుడు దివిటీపై గుగ్గిలపు పొడి చల్లుదురు. భగ్గున లేచిన వెలుగులో వేషము మెరయును. ఇద్దరు మనుష్యులు పట్టుకొన్న తెరయే యవనిక. సత్యభామ తన జడను ఆ తెరమీదుగా బయటికి వేయుట పండితులకు సవాలు. తనకన్న విద్య తెలిసినవాడెవడైన ఉన్నచో వచ్చి ఓడింపవచ్చుననియు, ఓడినచో జడను కోసికొనవచ్చుననియు దాని యర్థము. ఒక పల్లెటూరి వీథిలో, పశువులను కట్టివేసి వచ్చి కూర్చున్న జనము నడుమ, అలంకార శాస్త్రముపై పందెము! సూత్రధారుడు మాధవుడై, మాధవియై, హాస్యకాడై, సత్యభామను ప్రశ్నించుచు శాస్త్రమును నవ్వులలో కలిపి చెప్పును. భాగవతుల రామయ్య కూర్చిన గొల్లకలాపములో గొల్లభామయు బ్రాహ్మణుడును జన్మ, కర్మ, యజ్ఞముల గూర్చి వాదించుకొందురు. వాదము విన్న రైతు శాస్త్రము చదివినవాడు కాకపోయినను వాదమన నేమో ఎరిగినవాడయ్యెను.

రాత్రి కలాపము ముగిసినను భాగవతుని పని ముగియలేదు. కొన్ని మేళములవారు పగటివేషములు కట్టి ఇంటింటికి పోవుదురు. సోమయాజులు–సోమిదేవమ్మ, పిట్టలదొర, అర్ధనారీశ్వరుడు, ఇట్లు దినమున కొక వేషము. చివరి దినమున వేషము లేక వచ్చి సంభావన పుచ్చుకొందురు. ధాన్యము, వస్త్రము, నాలుగు రూకలు, ఇదియే ఆదాయము. సంపన్నులైనవారు లేరు. కాని ఆకలితో విద్యను విడిచినవారును తక్కువే. ఎందుచేతననగా ఊరు తనకు ఒక ఆట బాకీ యున్నదని భాగవతుడును, భాగవతునకు ఒక పుట్టెడు గింజలు బాకీ యున్నామని ఊరును తలచుచుండెడివారు.

ఈ బాకీ ఏర్పాటు బ్రాహ్మణ మేళములకు మాత్రమే పరిమితమైనది కాదు. వేరుచోట్ల ఇంకను దృఢముగా నుండెను. తెలంగాణమున మాదిగలను ఆశ్రయించియున్న చిందువారు యక్షగానములాడుదురు. వారిలో స్త్రీలును వేషము కట్టుదురు, శిశువు నడక నేర్చుటయు అడుగు నేర్చుటయు ఒక్క కాలముననే జరుగును. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ స్త్రీ పురుష పాత్రలు రెండింటను పేరుగాంచి 2005లో కన్నుమూసినది. పద్మశాలీలను ఆశ్రయించిన కూనపులివారు చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసిన పొడవైన పటమును విప్పుచు మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను చెప్పుదురు. షోలాపురమునకు, భీవండికి మగ్గములతో వలసపోయిన మన పద్మశాలి సోదరుల కులకథ ఆ పటముల మీదనే యున్నది. కులములను పట్టుకొనియున్న ఈ ఏర్పాటును మేము పొగడుటలేదు. దానిలో అవమానములును కలవు, అడుగకయే మ్రింగిన బాధలును కలవు. విద్యకు పోషణ ఎక్కడినుండి వచ్చెనో చెప్పునపుడు దానిని దాచరాదు గనుక చెప్పితిమి.

ఇక తెలుగు నాటకము దేశము దాటి వచ్చిన కథ. ఇది మన కథ. 1565లో తళ్లికోట యుద్ధముతో విజయనగరము కూలిన పిదప పండితులు, గాయకులు, భాగవతులు దక్షిణమునకు నడచిరి. తంజావూరు నాయకరాజుల ప్రాపు వారికి దొరికెను. అచ్యుతప్ప నాయకుడు అయిదువందల పైచిలుకు బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును భూములును ఇచ్చి నిలిపిన యూరు అచ్యుతపురము. అదియే నేటి మెలట్టూరు. రఘునాథ నాయకుడును, అతని కుమారుడు విజయరాఘవ నాయకుడును (1633–1673) స్వయముగా తెలుగు కవులు. విజయరాఘవుడు యక్షగానములు రచించి తన సభలోనే ఆడించెను. ఆ సభలోని రంగాజమ్మ మన్నారుదాస విలాసమును వ్రాసెను. మొవ్వ గోపాలుని పదకర్త క్షేత్రయ్య ఆ సభకు పోయినవాడే. కూచిపూడి పొరుగు పల్లె స్వరము కావేరి ఒడ్డున వినబడినది. నాయకుల పిదప వచ్చిన మరాఠా రాజులు తెలుగును త్రోసివేయలేదు. శహాజీ (1684–1712) పల్లకి సేవా ప్రబంధమును తెలుగులోనే రచించెను. అరవ దేశమున, మరాఠీ రాజు, తెలుగు నాటకము! భాష పేర తగవులాడువారు ఒక్కసారి సరస్వతీ మహలులోని తాళపత్రముల వంక చూచిరావలెను.

మెలట్టూరున పుట్టిన వేంకటరామశాస్త్రి త్యాగరాజస్వామికి సమకాలికుడు, వయసున పెద్ద. ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద, సీతా కల్యాణము, రుక్మిణీ కల్యాణము, కంసవధ మున్నగు భాగవత మేళ నాటకములను తెలుగున కూర్చెను. త్యాగరాజు సైతము ప్రహ్లాద భక్తి విజయము, నౌకా చరిత్రము అను గేయనాటకములను రచించుట ఊరక జరిగినది కాదు. చుట్టుప్రక్కల గ్రామములలో ఏటేట నాటకము లాడుచున్న గాలి అది. శాలియమంగళము, తేపెరుమానల్లూరు, శూలమంగళము, ఊత్తుక్కాడు మొదలగు ఊళ్లలోను మేళము లుండెను.

మెలట్టూరులో నాటకము వైశాఖమున నృసింహ జయంతి నాడు. వరదరాజ పెరుమాళ్ కోవెల ఎదుట వీథిలో వేదిక, ఎదురుగా దేవుడు, నడుమ జనము. దేవుని వైపు మొగము పెట్టి ఆడుదురు. ముందు కోణంగి వచ్చి నవ్వించును, పిదప చిన్న పిల్లవాడు వినాయకుడై వచ్చి దీవించును. స్త్రీ పాత్రలన్నియు పురుషులే ధరింతురు. నృసింహుని ముఖము ఏడాది పొడుగునను కోవెలలో పూజ లందుకొనునది; దానిని ధరించువాడు ఉపవాస ముండి నియమము పాటించును. స్తంభము చీలునప్పటికి తెల్లవారవచ్చును. ఆవేశము వచ్చిన నటుని పట్టుకొనుటకు మనుష్యులు సిద్ధముగా నుందురు.

కూచిపూడికిని మెలట్టూరునకును ఒక పెద్ద భేదమున్నది. కూచిపూడివారు ఆటను తీసికొని ఊరూర తిరిగిరి. మెలట్టూరువారు ఊరు విడువలేదు. వారికి ఆట వ్రతము, జీవిక కాదు. జీవిక భూములనుండి వచ్చెను. అందుచేత భూములు చేయిదాటినప్పుడు ఆటకును చేటు వచ్చెను. చదువుల కొరకు, ఉద్యోగముల కొరకు కుర్రవారు పట్టణములు పట్టిరి. 20వ శతాబ్ది తొలి దశాబ్దులలో కొన్ని ఊళ్లలో నాటకములు నిలిచిపోయెను. భరతనాట్య పునరుద్ధరణకు పాటుపడిన ఇ. కృష్ణయ్యరు వంటివారు ఈ నాటకముల విలువను లోకమునకు చాటిన పిమ్మట మెలట్టూరు మరల కోలుకొన్నది. నేటికిని ఆడుచున్నారు. ఆడువారిలో పలువురు బ్యాంకులలోను, కార్యాలయములలోను పనిచేయుచు, ఆ దినములకు సెలవు పెట్టి వచ్చువారు. జీవికను వేరుగా నుంచుకొని విద్యను నిలుపుట ఒక మార్గము. దాని బలమును, దాని బలహీనతయు మెలట్టూరున చూడవచ్చును. ఏడాదికి ఒక రాత్రి ఆడు నటునకు భక్తి నిండుగా నుండును గాని నూటయేబది రాత్రులు ఆడు కూచిపూడివానికి వచ్చిన చేతివాటము రావలెనన్న కష్టము.

ఉత్తరపు సరిహద్దును గూర్చి రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురము తెలుగువారు గీతకు ఆవల నుండిపోయిరి. ఆట మాత్రము గీతను పాటింపలేదు. శ్రీకాకుళము, విజయనగరము సీమల తూర్పు భాగవతము మద్దెల హోరుతో భామాకలాపమునే వేరొక ఫణితిని ఆడును. గంజాము జిల్లాలో ఒడియావారాడు ప్రహ్లాద నాటకమున మెట్లు మెట్లుగా కట్టిన వేదికపై హిరణ్యకశిపుడు ఎక్కుచు దిగుచు గర్జించును. దాని సంగీతమున తెలుగు పోకడ చెవికి తెలియును. మెలట్టూరు ప్రహ్లాదునకు అతడు దూరపు చుట్టము. కన్నడ సీమలో బెంగుళూరు నిర్మాత కెంపెగౌడ పేర గంగాగౌరీ విలాసమను తెలుగు యక్షగానము కలదు. ఇంతకన్న ఎక్కువ చెప్పిన విషయాంతరమగును.

19వ శతాబ్ది చివర నాటకము వీథిని విడిచి మేడ యెక్కినది. మరాఠీ, పార్సీ నాటక సమాజములు పెట్టెలతో, పరదాలతో ఊళ్లకు వచ్చెను. వాటిని చూచి బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదినీ సభను స్థాపించెను. కోలాచలము శ్రీనివాసరావు చారిత్రక నాటకములు వ్రాసెను. బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాదిగా నుండియే మహానటుడయ్యెను. నేడు కర్ణాటకమున నున్న ఆ బళ్లారి తెలుగు రంగస్థలమునకు పుట్టిల్లనుట మన కర్ణాటక సోదరులకు గర్వకారణము. అయితే రాఘవ వకీలు. అతనికి నాటకము జీవిక కానక్కరలేదు. చదువుకొన్నవాడు మేడపై ఆడినచో కళ, చదువురానివాడు వీథిలో ఆడినచో తమాషా అను భేదము ఆ కాలముననే పాతుకొన్నదని మా యభిప్రాయము. కూచిపూడి భాగవతుడు చదువురానివాడు కాడను సంగతిని లోకము మరచెను.

ఈ మార్పులో ఒక విచిత్రమును చెప్పక తప్పదు. తోలుబొమ్మలాడించు మరాఠీ మూలపు కుటుంబములవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచక వధ నాటకమాడిరి. నాటినుండి సురభివారు పేరొందిరి. వనారస గోవిందరావు ఆ సమాజములకు మూలపురుషుడు. మనము తెలుగును తీసికొని మరాఠీ, కన్నడ, అరవ దేశములకు పోయితిమి. వారు మరాఠీని ఇంటిలో దాచుకొని వచ్చి తెలుగు నాటకమునకు ప్రాణము పోసిరి. వలసవచ్చినవాని బిడ్డ రంగమెక్కినపుడు ఏ భాష మాటాడవలెనను ప్రశ్నకు వారి సమాధానము వారిది, మెలట్టూరువారి సమాధానము మెలట్టూరువారిది.

మేడ వచ్చిన తరువాత కూచిపూడికి గడ్డుకాలము వచ్చెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి, చింతా వేంకటరామయ్య వంటి పెద్దలు పట్టుదలతో విద్యను నిలిపిరి. వారి శిష్యులలో కొందరు చలనచిత్రములకు పోయిరి. వెంపటి చినసత్యం (1929–2012) మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, వందలకొలది బాలికలకు నేర్పెను. మగవారి సొత్తుగా నున్న సత్యభామ ఆడపిల్లల పాలయ్యెను. ఇది గొప్ప మేలు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) స్త్రీ వేషమున చివరి మేటి. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1970లో పద్మశ్రీని పొందెను. కాని దీపపు వెలుగుల వేదికపై గంటన్నరలో ముగియు కూచిపూడి నాట్యములో వాచికము సన్నగిల్లెను, సూత్రధారుని హాస్యము మాయమాయెను. నోరు విప్పని భాగవతుడు! మన సంఘముల వార్షికోత్సవములలో మనము చూచునది ఎక్కువగా ఇదియే.

నోటిని మరల వీథికి తెచ్చినవారు వేరొక త్రోవనుండి వచ్చిరి. షేక్ నాజరు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లున పేద దూదేకుల యింట పుట్టెను. చిన్ననాట హార్మోనియమును, శాస్త్రీయ సంగీతమును కష్టపడి నేర్చెను. నాటకములలో బాలవేషములు, ఆడవేషములు వేసెను. ఆ విద్యతో అతడు పట్టణపు సంగీత సభలకు పోవలసినవాడు. 1943 ప్రాంతమున, ప్రజానాట్యమండలి పుట్టిన వేళ, అతడు బుర్ర భుజాన వేసికొని పల్లె వీథికి పోయెను. జంగములు, వీథి గాయకులు చెప్పుకొని బ్రతుకుచుండిన కథకు అతడు శాస్త్రీయ స్వరమును, నాటకపు అభినయమును కలిపెను. నడుమ కథకుడు తంబుర మీటుచు, బొటనవ్రేలి అందెను మ్రోగించుచు ముందుకు వెనుకకు నడచును. ఇరుప్రక్కల డక్కీలతో వంతలు. ఒకడు హాస్యము పలుకును, ఒకడు రాజకీయము పలుకును. కూచిపూడి సూత్రధారుడు ఒక్కడే చేసిన పనిని ఇక్కడ ఇద్దరు పంచుకొన్నారు, అంతియే. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, బెంగాలు కరవు అతని నోట వేలాది జనులను నిలువునా కదిలించెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు వ్రాసిన ‘మా భూమి’ నాటకము 1947లో ఊరూర నడచెను. డాక్టరు గరికపాటి రాజారావు (1915–1963) ఆ ఉద్యమమునకు నాయకుడు. ప్రభుత్వము నిషేధించెను, కళాకారులు అజ్ఞాతముననో చెరలోనో గడిపిరి. నాజరుకు 1986లో పద్మశ్రీ వచ్చెను. 1997లో అతడు కన్నుమూసెను. పేరు పొందినంతగా సొమ్ము పొందలేదు. అతని జీవితకథ పేరు ‘పింజారి’. జనులు తక్కువచేసి పిలిచిన పేరునే పుస్తకమునకు పెట్టుకొన్నవాని గుండె అది.

నాజరు వలన తెలియునదేమనగా, సంగీతమును గట్టిగా నేర్చినవానికే వీథి లొంగును. వీథిలో ధ్వనివర్ధకము లేని కాలమున మూడుగంటలు గొంతు చిట్లకుండ కథ చెప్పవలెనన్న సాధన వలయును. జనుడు నచ్చక లేచిపోవుటకు అచ్చట తలుపు లేదు, టిక్కెట్టు లేదు. నటుని నిలువరించునది అతని విద్య యొక్కటే.

తరువాతి దశాబ్దులలో ఈ త్రోవకు పాఠశాలలును ఏర్పడినవి. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1959లో మొదలయ్యెను. కర్ణాటకమున హెగ్గోడు అను చిన్న పల్లెలో కె.వి. సుబ్బణ్ణ ప్రభృతులు 1949లో నెలకొల్పిన నీనాసం, 1980లో రంగశిక్షణ కేంద్రమును, 1985లో ‘తిరుగాట’ యను సంచార మేళమును ఆరంభించెను. చదివిన విద్యార్థి వెంటనే మేళముతో ఊళ్లు తిరిగి జీతము పుచ్చుకొనుట అందలి విశేషము. కూచిపూడివారి పాత పద్ధతి, పట్టా తోడుగా, తిరిగి వచ్చినట్లున్నది. మద్రాసున న. ముత్తుస్వామి 1977లో స్థాపించిన కూత్తుప్పట్టరై తెరుక్కూత్తు గురువులయొద్ద నేర్చుకొన్నది. తెరు అనిన వీథి; కూత్తు అనిన ఆట. మన మాటయే, అరవములో. తెలుగు విశ్వవిద్యాలయము 1985లో ఏర్పడి కూచిపూడిలోని సిద్ధేంద్ర కళాపీఠమును చేర్చుకొన్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున 1988లో సరోజినీ నాయుడు పేర కళాశాఖ వెలసెను.

ఢిల్లీ చదువరి సఫ్దర్ హష్మీ 1973లో మిత్రులతో జన నాట్య మంచ్ స్థాపించి, ఉద్యోగమును విడిచి, కార్మికవాడల వీథులలో ఆడెను. 1989 జనవరి 1న సాహిబాబాదు చేరువ ‘హల్లా బోల్’ ఆడుచుండగా దుండగులు కొట్టిరి, మరునాడు మరణించెను. మూడవ దినమున అతని భార్య మలయశ్రీ తోటినటులతో అదే చోటికి పోయి, ఆగిన నాటకమును పూర్తిచేసెను. అతని జన్మదినమైన ఏప్రిల్ 12ను దేశమంతట వీథి నాటక దినముగా జరుపుచున్నారు. సమ్మెట గురవరాజు వేషము కట్టిన భాగవతునకు రాయలు అడ్డుగా నిలిచెను. అందరకు రాయలు దొరకడు.

ఇంతకును తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తము. వీథి నాటకము నేర్చి ఎవరైన ధనవంతులైరా? మేము చదివిన చరిత్రలో ఒక్కరును కానరారు. బ్రతికిరా? బ్రతికిరి, కాని ఒక్క ఆటతో గాదు. పగటివేషముతో కూడ బ్రతికిరి, పాఠములు చెప్పి బ్రతికిరి, చలనచిత్రములలో వేషము కట్టి బ్రతికిరి, బ్యాంకులో పద్దులు వ్రాసి బ్రతికిరి. నేడును ఆరోగ్యశాఖవారికి, అక్షరాస్యతా సంఘములకు, పాఠశాలలకు ఆడుచు, మధ్య మధ్య కుర్రవారికి నేర్పుచు నెట్టుకొని వచ్చువారే ఎక్కువ. ఇది తెలిసి పంపినచో పంపవచ్చును. తెలియక, దూరదర్శన కీర్తి కొరకు పంపినచో పిల్లవానికిని దుఃఖము, విద్యకును దుఃఖము.

మరొక లెక్క యున్నది. అది మనవంటి కుటుంబములకే ప్రత్యేకమైనది. మెలట్టూరు నటుల ఇండ్లలో మాట అరవము. నాటకపు మాట తెలుగు. ప్రహ్లాద వేషమునకు ఎంపికయైన బాలునకు ప్రతులు తరచుగా అరవ లిపిలోనో గ్రంథ లిపిలోనో నుండును. క, గ, ఘ లకు భేదము లేని అరవ లిపిలో తెలుగు ఒత్తులను పెద్దలు నోట పలికి దిద్దవలసినదే. నెలలకొలది తాత పలుకును, మనుమడు పలుకును. అర్థము అడిగిననాడు అర్థము చెప్పుదురు. నాలుగు శతాబ్దులుగా బడి లేక, పాఠ్యపుస్తకము లేక, ప్రభుత్వపు ఉత్తరువు లేక కావేరి తీరమున ఆ తెలుగు నిలిచినది ఈ పద్ధతిననే. మన సంఘమువారు రాబోవు సంవత్సరము అద్దె మందిరము మాని, గుడి వీథిలో ఒక రాత్రి భామాకలాపము ఆడింపవలెనని తలంచుచున్నారు. సూత్రధారుని మాటలతో సహా, పూర్తిగా. వేషములకు పేర్లు ఇయ్యదలచిన బాలబాలికల వయసు, వారికి తెలుగు చదువుట వచ్చునో రాదో వ్రాసి పంపవలెను; రానివారిని కూడ పుచ్చుకొందుము.